మొదటి ప్లాటు కొనే ముందు



ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లో నలుగురు కూర్చుంటే మాట భూమి మీదికి మళ్లుతోంది. పెళ్లి పందిట్లో, ఆఫీసు క్యాంటీన్లో, పొద్దున్నే నడిచే పార్కులో, ఎక్కడ విన్నా గజం ఎంత పలుకుతోంది, రింగు రోడ్డు ఎటు పోతోంది అన్నదే ముచ్చట. అప్పట్లో చవగ్గా కొని ఇవాళ కోట్లకు పడగెత్తిన మనిషి కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. ఆ కథ విన్నవాళ్లకు మనమే వెనకబడిపోయామన్న బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగలోనే చాలామంది జీవితంలో మొదటి ప్లాటు కొనేస్తారు.

ఈ రోజు నా మాటలు వాళ్ల కోసమే. ఉద్యోగంలో కుదురుకుని పదిహేను, ఇరవై లక్షలు కూడబెట్టిన దంపతులు, రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ ఎక్కడ పెట్టాలా అని చూస్తున్న మాస్టార్లు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో కష్టపడి ఇంటికి డబ్బు పంపుతున్న పిల్లలు, వీళ్లంతా ఒక్కసారి నిదానంగా వినాలని నా కోరిక.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. స్థలం మీద మొదటిసారి డబ్బు పెట్టినవాళ్లు నిండా మునిగేది ధర పడిపోవడం వల్ల కాదు, కాగితం తప్పవడం వల్ల. పడిన ధర ఎప్పటికో ఒకప్పటికి లేస్తుంది. అమ్మినవాడికే హక్కు లేని భూమి కొంటే, ఎన్నేళ్లు ఎదురుచూసినా అది మనది కాదు. అందుకని ఎంత లాభం వస్తుందన్నది రెండో ప్రశ్న. ఈ భూమి అమ్మేవారిదేనా, రేపు మనదవుతుందా అన్నది మొదటి ప్రశ్న.

అయితే తొందరంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే పుడుతుంది కాబట్టి ముందు దాని లెక్క తేల్చుకుందాం. ఇరవై లక్షలకు ప్లాటు కొన్నారనుకోండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన దగ్గర సుమారు ఏడున్నర శాతం, అంటే లక్షన్నర. మధ్యవర్తికి ఒక శాతం, దస్తావేజు ఖర్చులు మరికొంత. మీ చేతి నుంచి పోయింది 21 లక్షల 80 వేలు. పదేళ్ల తర్వాత ఆ ప్లాటు నలభై లక్షలకు అమ్మారు. రెట్టింపయింది కదా, అందరూ అబ్బో అంటారు. అమ్మేటప్పుడు మధ్యవర్తికి రెండు శాతం పోతే చేతికి 39 లక్షల 20 వేలు వస్తాయి. లాభం మీద సెస్సు కాక పన్నెండున్నర శాతం పన్ను. మిగిలేది ఇంచుమించు 37 లక్షలు. పదేళ్లకు చక్రవడ్డీ లెక్క కడితే ఏడాదికి ఐదున్నర శాతం కూడా నిండదు. ప్రహరీకి, ముళ్లకంచెకు, పిచ్చిమొక్కలు కొట్టించడానికి అయిన ఖర్చు ఇందులో కలపనేలేదు.

భూమి కొనొద్దని చెప్పడానికి ఈ లెక్క చెప్పడం లేదు. పదింతలు, ఇరవై ఇంతలు పెరిగిన భూములు మన కళ్ల ముందే ఉన్నాయి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా చాలా గ్రామాల్లో అదే జరిగింది. కానీ అక్కడ బాగుపడింది చాలావరకు ఏళ్ల తరబడి అమ్మే అవసరం రాకుండా పట్టుకుని కూర్చోగలిగినవాళ్లే. పదేళ్లలో రెట్టింపు అన్న మాట చెవికి ఎంత ఇంపుగా ఉన్నా, అది బ్యాంకు డిపాజిట్ వడ్డీ దరిదాపుల్లోనే ఆగుతుందని తెలిస్తే, ఈ ఆదివారమే బయానా ఇచ్చేయాలన్న ఆత్రం కొంత తగ్గుతుంది. ఆత్రం తగ్గితేనే కాగితాలు చూసే ఓపిక వస్తుంది.

పట్టుకుని కూర్చోవడం అంటే ఏమిటో అమరావతి చూస్తే అర్థమవుతుంది. 2015లో రైతులు భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఆ అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల గజం ధర చుక్కలనంటింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాళ్లు కనిపించకుండా పోయారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. భూములిచ్చిన రైతులు పడ్డ కష్టం వేరు, దాన్ని పెట్టుబడి లెక్కల్లో కలపకూడదు. పెట్టుబడి కోసం కొన్నవాళ్ల సంగతి మాత్రం చూడండి. మిగులు డబ్బుతో కొన్నవాళ్లు ఆ నాలుగైదేళ్లు ఓపిక పట్టగలిగారు. అప్పు చేసి, నెలనెలా కిస్తీ కడుతూ కొన్నవాళ్లకు ఆ ఓపిక ఎక్కడిది? స్థలం ఒకటే, సర్వే నంబరు ఒకటే, చేతిలో డబ్బు ఎలాంటిదన్నదే తేడా. అయిదేళ్ల లోపు అమ్మాయి పెళ్లికో, అబ్బాయి చదువుకో కావలసిన డబ్బును ఖాళీ స్థలంలో పెట్టకండి. స్థలం బంగారం కాదు. పొద్దున బజారుకు తీసుకెళ్లి సాయంత్రానికి డబ్బు చేసుకోవడం కుదరదు.

ఇక కాగితాల సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

చాలామందిలో పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి, ఫొటో దిగి, ముద్ర పడిన దస్తావేజు చేతికొస్తే ఇక భూమి మనదే, ప్రభుత్వమే సాక్ష్యం అనుకుంటారు. కాదు. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. అమ్మేవారికి ఎంత హక్కు ఉందో అంతే మనకు వస్తుంది, వాళ్లకు ఏమీ లేకపోతే మనకూ ఏమీ రాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నుంచి ఇదే సూత్రం. అమ్మేవారి హక్కు ఏపాటిదో తేల్చుకునే పూచీ కొనేవారిదే.

అది తేల్చుకోవడానికి మొదటి మెట్టు ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, మీసేవ కేంద్రంలో తీసుకోవచ్చు. కంప్యూటర్‌లో దొరికేది 1983 జనవరి నుంచి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లి పాత పుస్తకాలు వెతికించుకోవాలి. తెలంగాణలో వ్యవసాయ భూములకు 2020 చివర్లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అందుకని అక్కడ పొలం సంగతికి ఆ పోర్టల్ కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పొలానికి మీభూమిలో అడంగల్, 1-బి చూస్తారు.

ఈసీ చేతికొచ్చాక చాలామంది చేసే పని ఒక్కటే, ఎన్ని పేజీలుందో చూసి ఫైలులో పెట్టేయడం. అలా కాకుండా ఒక సాయంత్రం కూర్చుని చదవండి. ఒక్కో లావాదేవీకి ఒక్కో వరస ఉంటుంది. మొదట ఆస్తి వివరం, అంటే గ్రామం, సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు పక్కలా హద్దులు. తర్వాత తేదీలు. ఆ తర్వాత అది అమ్మకమా, దానమా, తనఖానా అన్నది, దాని విలువ. ఆ పక్కన పేర్లు. పేర్ల పక్కన చిన్న అక్షరాలుంటాయి. ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవారు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవారు. తనఖా అయితే ఎంఆర్, ఎంఈ అని ఉంటుంది, తాకట్టు పెట్టినవారు, పెట్టించుకున్నవారు అని.

ఇప్పుడు కింది నుంచి పైకి, పాతదాని నుంచి కొత్తదానికి వేలు పెట్టి చదవండి. ఒక అమ్మకంలో సీఎల్‌గా ఉన్న పేరే తర్వాతి అమ్మకంలో ఈఎక్స్‌గా కనిపించాలి. 1991లో ఒకాయన కొన్నారు, 2008లో ఆయనే అమ్మారు, 2008లో కొన్నావిడే ఇప్పుడు మీకు అమ్ముతున్నారు. గొలుసు సరిగ్గా ఉన్నట్టు. 1991లో కొన్నాయన పేరు మాయమై, 2008లో ఇంకెవరో రాసిచ్చారంటే అక్కడ ఆగాలి. ఆ మధ్యలో ఏం జరిగింది? ఆయన పోయారా, వారసులు ఎంతమంది, వీలునామా ఉందా, భాగపరిష్కారం ఉందా? తనఖా వరస కనిపిస్తే అది తీరిపోయినట్టు విడుదల దస్తావేజు కూడా కనిపించాలి. విస్తీర్ణం ఒకచోట 200 గజాలు, మరోచోట 240 గజాలు అయితే ఆ నలభై గజాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అడగాలి. హద్దుల్లో తూర్పున రోడ్డు అని ముందు దస్తావేజులో ఉండి, తర్వాతి దాంట్లో తూర్పున పక్కవారి ప్లాటు అని ఉంటే, రోడ్డు ఏమైందో అడగాలి. ఇవన్నీ వకీలు దగ్గరకు వెళ్లకముందే మనం మన కళ్లతో చూసుకోగలిగినవి.

ఈసీ చెప్పలేనివీ ఉన్నాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు అందులో కనిపించదు. కోర్టులో నడుస్తున్న కేసు కనిపిస్తుందన్న భరోసా లేదు. రిజిస్టరు కాని వీలునామా కనిపించదు. కాబట్టి ఈసీ శుభ్రంగా ఉందంటే పని అయిపోయిందని కాదు, మొదలుపెట్టవచ్చని. అప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ తీసుకుని, కనీసం ముప్పై ఏళ్ల వెనక్కి చూడగలిగిన వకీలు చేత లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. ఆ వకీలును మీరు వెతుక్కోండి. అమ్మేవాళ్లు చూపించిన వకీలు వద్దు. ఇరవై లక్షల వస్తువుకు కొన్ని వేల ఫీజు దగ్గర బేరమాడటం మన దగ్గర మామూలైపోయింది, నాకు మాత్రం అది మింగుడుపడని అలవాటు.

వారసుల మాట వచ్చింది కాబట్టి ఆడపిల్లల సంతకాల సంగతి చెప్పాలి. అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి సంతకాలు పెట్టారు, బేరం అయిపోయింది అనుకుంటారు. అక్కచెల్లెళ్లు? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందు చట్టం చేసింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, అది 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం వచ్చి ఆ తేడా కూడా తీసేసింది. తండ్రి బతికి ఉన్నా లేకపోయినా పుట్టుకతోనే కూతురికి హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. "మా చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఆమె ఏమీ అడగదు" అని అమ్మేవారు చెబితే, "సంతోషమండీ, ఆ మాటే ఆవిడ చేత రిజిస్టరు కాగితం మీద రాయించండి" అనండి. మొహమాటపడకండి. ఇది మీ భద్రత కోసమే కాదు, ఆ చెల్లెలి న్యాయం కోసం కూడా.

మరికొన్ని మాటలు వినపడగానే లేచి వచ్చేయవలసినవి. "జీపీఏ మీద ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుంది" అంటారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా కలిపి కట్టగట్టి ఇచ్చినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. నోటరీ చేయించిన తెల్లకాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. "అసైన్డ్ భూమే కానీ ఏం కాదు, అందరూ కొంటున్నారు" అంటారు. భూమి లేని పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి అది, దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చిన మాట నిజమే, కానీ కొత్తగా దిగేవాళ్లు ఆ చిక్కుముడిలో తల పెట్టవద్దు. అరకు, పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో చల్లని గాలి, చవక ధర చూసి ముచ్చటపడేవాళ్లున్నారు. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు, అమ్మేది మరో గిరిజనేతరుడైనా సరే. 1970 నుంచి ఉన్న రక్షణ అది, ఉండవలసిన రక్షణ.

రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర నిషేధిత ఆస్తుల జాబితా ఒకటుంటుంది. 22ఏ జాబితా అంటారు. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి వగైరా సర్వే నంబర్లు అందులో ఉంటాయి. వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. బయానా ఇవ్వకముందే చూడాలి, ఇచ్చాక కాదు.

ఇక నీళ్లు. మన పెద్దవాళ్లు చెరువు కింద పొలం కొనేవారు, ఇప్పుడు మనం చెరువులోనే ప్లాటు కొంటున్నాం. హైదరాబాదులో 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, చెరువుల్లో కట్టినవి కూల్చడం మొదలుపెట్టాక ఎఫ్‌టీఎల్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత అది. ఆ గీత లోపల కట్టడానికి వీల్లేదు. గీత దాటాక కూడా బఫర్ ఉంటుంది. పాతిక ఎకరాలకు కాస్త అటూ ఇటూగా, అంటే పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. రెవెన్యూ రికార్డులో శిఖం అని కనిపిస్తే అది చెరువు భూమి. కాగితం మీద చూసింది చాలదు. స్థలం చూడటానికి ఎండాకాలంలో తీసుకెళితే ఏ చెరువైనా మైదానంలాగే ఉంటుంది. వానలు బాగా పడ్డాక ఒకసారి వెళ్లండి. పక్క పొలంలో పశువులు కాస్తున్న పెద్దాయనను పలకరించి, "తాతా, వానాకాలం నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి?" అని అడగండి. ఆయనకు కమిషన్ లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

స్థలం చూడటానికి వెళ్లడం అన్నాను కదా, ఆ ఆదివారాల తంతు మీకు తెలిసిందే. ఉదయం ఏసీ బస్సు, దారిలో టిఫిను, వెంచర్ గేటు దగ్గర రంగురంగుల జెండాలు, ఆర్చి, రెండు వరసల కొబ్బరి మొక్కలు. షామియానా కింద పెద్ద మ్యాపు, దాని మీద ఎర్రచుక్కలు, అవన్నీ అమ్ముడైపోయినట్టు. బిర్యానీ తిన్నాక మైకులో ప్రకటన, ఈ రోజు బుక్ చేసుకున్నవాళ్లకు గజానికి వెయ్యి తగ్గింపు, ఒక గ్రాము బంగారు నాణెం. పక్క టేబుల్ దగ్గర ఎవరో చప్పట్ల మధ్య చెక్కు ఇస్తూ ఫొటో దిగుతుంటారు. ఆ వాతావరణంలో ఏ మనిషికైనా చేయి జేబులోకి వెళుతుంది. నా సలహా ఒక్కటే. వెళ్లండి, చూడండి, భోజనం చేయండి, చెక్కు మాత్రం ఇవ్వకండి. లేఅవుట్ కాపీ, సర్వే నంబర్లు, ఎల్‌పీ నంబరు, రెరా నంబరు రాసుకుని ఇంటికి రండి. మంచి ప్లాటు అయితే పది రోజులకు పారిపోదు. పారిపోయిందంటే మీకు పోయింది ఒక ప్లాటే, డబ్బు భద్రంగా ఉంది.

ఆ నంబర్లు ఏం చెబుతాయి? ఎల్‌పీ నంబరు అంటే హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ, డీటీసీపీ వంటి సంస్థలు లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి. గ్రామ పంచాయతీ తీర్మానం దానికి బదులు కాదు. అనుమతిలోనూ తాత్కాలికం, తుది అని రెండున్నాయి. రోడ్లు, డ్రైన్లు, కరెంటు స్తంభాలు పూర్తి చేస్తామన్నదానికి పూచీగా లేఅవుట్‌లో 15 శాతం మేర ప్లాట్లు ఆ సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. పనులయ్యాక విడిపిస్తారు. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ తనఖా ప్లాట్లలో ఉందేమో అడగండి. సంస్థ వెబ్‌సైటులో ఆమోదించిన నక్షా, మీ చేతిలో ఉన్న బ్రోషర్ పక్కపక్కన పెట్టి పోల్చండి. నక్షాలో పార్కుగా ఉన్నది బ్రోషర్‌లో ప్లాటుగా మారిపోయిన సందర్భాలున్నాయి.

స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో లేఅవుట్ వేసినా, ఎనిమిది ఫ్లాట్లకు మించి కట్టినా రెరాలో నమోదు చేయాలి. నమోదు కాకుండా అమ్మకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ఈ నాలుగు వాక్యాలు గుర్తుంటే ప్రీలాంచ్ ఆఫర్ అంటే ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది. ఇంకా అనుమతి లేదు, రెరా లేదు, మొత్తం డబ్బు ఇప్పుడే కడితే సగం ధరకే ఫ్లాట్ ఇస్తామంటారు. యూడీఎస్ పేరుతో విభజించని భూమిలో వాటా రాసిస్తామంటారు. హైదరాబాదు చుట్టుపక్కల ఇలా కట్టి, ఇల్లూ రాక, డబ్బూ రాక పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న మధ్యతరగతి కుటుంబాలు ఎన్నో. సగం ధర అన్న మాటలోనే ప్రమాదం ఉంది. అలాంటి ప్రాజెక్టుకు బ్యాంకు అప్పు ఇవ్వలేదంటే, బ్యాంకు భయపడిన చోట మీరు ధైర్యం చేస్తున్నారన్నమాట. ఏ జాతీయ బ్యాంకు అయినా ఈ ప్రాజెక్టుకు లోన్ ఇస్తోందా అని కనుక్కోండి. మీరు లోన్ తీసుకోకపోయినా కనుక్కోండి.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లూ అంతే. గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. శ్రీగంధం మొక్కలు నాటి ఇస్తాం, పదిహేనేళ్లకు కోటి వస్తుందంటారు. అది లేఅవుట్ కాదు, పొలం. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, లోపల చూపించిన మట్టిరోడ్డు మీద మీకు హక్కు ఉందో లేదో తెలియదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు మరో మాట. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనవచ్చు కానీ వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా రావచ్చు. తమ్ముడి పేరు మీదో, బావమరిది పేరు మీదో పెట్టేస్తే సరిపోతుందనుకోకండి. అది చట్టానికీ తలనొప్పే, బంధుత్వానికీ తలనొప్పే.

ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకునేవాళ్లు లెక్క ఒకటి వేసుకోవాలి. అరవై లక్షల ఫ్లాటుకు నెలకు పద్దెనిమిది వేలు అద్దె వస్తే ఏడాదికి రెండు లక్షల పదహారు వేలు. ఒక నెల ఖాళీ, మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, రంగులు, రిపేర్లు తీసేస్తే లక్షా అరవై వేల దగ్గర ఆగుతుంది. మూడు శాతం కూడా కాదు. అదే ఫ్లాటుకు యాభై లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు అప్పు తీసుకుంటే నెలకు కిస్తీ 43 వేల 400. తీరేసరికి కట్టిన వడ్డీయే యాభై నాలుగు లక్షలు. ఉండటానికి ఇల్లు కావాలంటే ఈ లెక్కతో పని లేదు, ఇల్లు ఇల్లే. కానీ అప్పు చేసి అద్దె కోసం కొనడం కొత్తవాళ్లు ఎంచుకోవలసిన దారి కాదని నా గట్టి అభిప్రాయం.

చేతిలో లక్ష, రెండు లక్షలే ఉన్నాయి, రియల్ ఎస్టేట్ మీద మనసుంది అనేవాళ్లకు రీట్లు ఉన్నాయి. పెద్ద ఆఫీసు భవనాలు, మాల్స్ సొంతంగా ఉన్న ట్రస్టులు. వాటి యూనిట్లు షేర్ల మాదిరిగా స్టాక్ ఎక్స్ఛేంజీలో కొనుక్కోవచ్చు, ఒక్క యూనిట్ అయినా సరే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు తెచ్చింది, మొదటిది 2019లో లిస్ట్ అయింది. పంచదగిన నగదులో తొంభై శాతం యూనిట్లు ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిందే. హైదరాబాదు మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాలు అలాంటి ఒక ట్రస్టులో ఉన్నాయి. ధర హెచ్చుతగ్గులు ఉంటాయి, పెట్టింది పెట్టినట్టు ఉంటుందన్న హామీ లేదు. అయితే కబ్జా భయం లేదు, హద్దుల గొడవ లేదు, కావలసినప్పుడు కొంత అమ్ముకోవచ్చు. మన దగ్గర వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కమిషన్ తక్కువ కాబట్టి కావచ్చు.

డబ్బు చెల్లించే దగ్గర ఒక్క మాట. సగం తెలుపు, సగం నలుపు అన్న బేరానికి తల ఊపకండి. స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టరీత్యా తప్పు, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. తక్కువ ధరకు రిజిస్టరు చేయించుకుంటే రేపు మీరు అమ్మేటప్పుడు లాభం కాగితం మీద పెద్దదై, పన్ను మీ నెత్తిన పడుతుంది. బేరం చెడితే నగదుగా ఇచ్చినదానికి రుజువూ ఉండదు. యాభై లక్షలు, ఆపై ధర ఉంటే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం పన్నుగా పట్టుకుని కట్టవలసింది కొనేవారే. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే పట్టుకోవలసింది ఇంకా ఎక్కువ, అప్పుడు ఆడిటర్‌ను అడగకుండా ముందుకు వెళ్లకండి.

చివరగా ఒక విన్నపం. మన ఇళ్లలో చాలా బీరువాల్లో తొంభైల్లో నాన్నగారు కొన్న ప్లాటు దస్తావేజు ఒకటి పడి ఉంటుంది. పదేళ్లుగా ఎవరూ అటు వెళ్లి ఉండరు. కొత్త ప్లాటు వెతకడానికి ముందు ఆ ప్లాటు మీద ఈ పాఠమంతా ప్రయోగించి చూడండి. దాని ఈసీ తీయండి, పేర్ల గొలుసు చదవండి, 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఒక రోజు టేపు పట్టుకుని వెళ్లి కొలవండి, హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే సర్వేయర్‌తో కొలిపించి పాతించండి, చుట్టూ కంచె వేయించండి. నాన్నగారు లేకపోతే వారసులందరి పేర్లతో, అక్కచెల్లెళ్లను కూడా కూర్చోబెట్టుకుని, కాగితాలు సరిచేసుకోండి. ఈ నెలలోనే ఆ పని మొదలుపెట్టండి.